ముఖమండలంలోని సప్తద్వారాలు

శ్రీమద్భగవద్గీత అయిదవ అధ్యాయంలో శ్రీకృష్ణపరమాత్మ ఈ దేహాన్ని తొమ్మిది ద్వారాలు గల పురంగా వర్ణించాడు. ఆ తొమ్మిదింటిలో ఏడు ద్వారాలు ముఖమండలంలోనే ఉన్నాయి. నేత్రాలు రెండు, శ్రోత్రాలు రెండు, నాసారంధ్రాలు రెండు, నోరు ఒకటి. జానెడు మేర కూడా లేని చోట ఏడు వాకిళ్ళను అమర్చిన ఆ సృష్టికర్త చాతుర్యాన్ని ఎంతని కొనియాడగలం! లోకమంతా మనలోనికి ప్రవేశించేది ఈ వాకిళ్ళ గుండానే. భగవంతుడు ప్రవేశించేదీ ఈ వాకిళ్ళ గుండానే.

ఆలయానికి వచ్చిన భక్తుడు చేసే పనులను ఒక్కసారి తలచుకోండి. కళ్ళతో స్వామిని దర్శిస్తాడు. చెవులతో నామసంకీర్తనం వింటాడు. నాసికతో తులసి, కర్పూరాల పరిమళాన్ని ఆఘ్రాణిస్తాడు. నోటితో తీర్థప్రసాదాలు స్వీకరిస్తాడు. నుదుట కుంకుమ ధరిస్తాడు. వీటిలో ఏ ద్వారం మూతపడినా సేవలో ఆ మేరకు లోటు కలుగుతుంది. కనుకనే మన పూర్వులు ఆచమనం చేసిన వెంటనే కేశవనామాలు పలుకుతూ నోటిని, ముక్కును, కళ్ళను, చెవులను వేళ్ళతో స్పృశించే విధిని ఏర్పరచారు. ప్రతిదినం ఒక్కొక్క ఇంద్రియాన్ని పేరుపేరునా పలకరించడం వంటిది ఆ విధి. పలకరించిన తరువాత యోగక్షేమాలు కూడా విచారించాలి కదా! నేటి ప్రసంగంలో మనం ఆ విచారణ చేద్దాం.

శాలాక్యమనే శాస్త్రం

ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలు. వాటిలో మెడకు పైనుండే అవయవాల వ్యాధులను గురించి చెప్పే అంగానికి శాలాక్యతంత్రమని పేరు. శలాక అంటే సన్నని పుల్ల వంటి పరికరం. దానితో చేసే చికిత్సలు ప్రధానం కనుక ఆ పేరు వచ్చింది. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం ఈ విషయంతోనే ఆరంభమవుతుంది. నేత్రరోగాలు 76, కర్ణరోగాలు 28, నాసారోగాలు 31 అని సుశ్రుతుడు లెక్కించాడు. ముఖరోగాలను 65గా నిదానస్థానంలో చెప్పాడు. ఆ కాలంలోనే మహర్షులు ఇంత సూక్ష్మంగా పరిశీలించారంటే ఈ ద్వారాలకు వారు ఎంత విలువ ఇచ్చారో తెలుస్తుంది.

ఈ శాలాక్యానికి మూలపురుషుడు విదేహాధిపతి అని సుశ్రుతుడే పేర్కొన్నాడు. సంప్రదాయంలో ఆయనను నిమి అంటారు. నిమి కథ విష్ణుపురాణంలో ఉంది. వసిష్ఠుని శాపం వలన ఆయన దేహాన్ని కోల్పోయాడు. దేవతలు తిరిగి దేహం ప్రసాదిస్తామన్నారు. దేహం ధరించడం, విడవడం అనే దుఃఖం తనకు మరల వద్దనీ, ప్రాణులందరి నేత్రాలలో నివసించే వరం ఇమ్మనీ నిమి కోరాడు. నాటి నుండి ప్రాణులు రెప్పలు ఆర్పుతున్నారని పురాణం చెబుతుంది. రెప్పపాటుకు నిమేషమనే పేరున్నది. రెప్పపాటు లేనివారు కనుక దేవతలు అనిమిషులు. మనం మాత్రం నిమేషం గలవారం. ఈ భేదాన్ని గుర్తుంచుకోండి, వెంటనే అవసరమవుతుంది.

నయనద్వారం

మనిషి సాధారణంగా నిమిషానికి 15 నుండి 20 సార్లు రెప్ప ఆర్పుతాడు. ఆర్పిన ప్రతిసారీ పలుచని కన్నీటిపొర కనుగుడ్డుపై పరచుకొని దానిని తడిగా, నిర్మలంగా ఉంచుతుంది. సెల్‌ఫోను, కంప్యూటరు తెరలను తదేకంగా చూసేటప్పుడు ఈ రెప్పపాటు సగానికి, అంతకంటె తక్కువకు కూడా పడిపోతుంది. కన్ను ఎండిపోయి మంట, ఎరుపు, తలనొప్పి కలుగుతాయి. నిమిని కంటినుండి వెళ్ళగొట్టి మనం అనిమిషులం కాబోతే కలిగే ఫలితం ఇదే. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి తెరనుండి చూపు మరల్చి, 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లపాటు చూడటం, కావాలని నాలుగుసార్లు రెప్పలార్చడం సులభమైన పరిహారం.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఎప్పుడూ ఇంటిలోపలే ఉండి దగ్గరి వస్తువులనే చూసే పిల్లలకు దూరపుచూపు మందగించడం ఎక్కువవుతోంది. రోజుకు సుమారు రెండు గంటలు ఆరుబయట వెలుగులో ఆడుకొనే పిల్లలలో ఈ దోషం తగ్గుతుందని పరిశోధనలు తెలిపాయి. సాయంకాలం పిల్లలను ఆలయప్రాంగణానికి పంపండి. వారికి దైవభక్తితోపాటు దృష్టిశక్తి కూడా దక్కుతుంది.

మన దేశంలో పిల్లల అంధత్వానికి ఒకప్పుడు పెద్ద కారణం విటమిన్ ఏ లోపం. రేచీకటితో మొదలై నల్లగుడ్డు కరిగిపోయేవరకు ఆ వ్యాధి వెళ్ళేది. 1970లో మన ప్రభుత్వం పిల్లలకు విటమిన్ ఏ ద్రావణం పట్టే కార్యక్రమం ఆరంభించింది. తొమ్మిదవ నెలలో లక్ష యూనిట్లు, తరువాత రెండు లక్షల యూనిట్ల చొప్పున ఆరునెలలకొకసారి అయిదేళ్ళు నిండేవరకు ఇస్తారు. దానితోపాటు మునగాకు, తోటకూర, బొప్పాయి వంటివి పెరటిలోనే లభించే నేత్రౌషధాలు. నెలలు నిండకుండా, 34 వారాలలోపు గాని రెండు కిలోల కంటె తక్కువ బరువుతో గాని పుట్టిన శిశువుకు 30 రోజులలోగా కంటి లోపలిపొరను నిపుణునిచేత పరీక్ష చేయించాలి. ఈ గడువు దాటితే జీవితాంతం చీకటి మిగిలే ప్రమాదం ఉంది.

ఇక అంజనం సంగతి. దినచర్యలో అంజనధారణను ఆయుర్వేదాచార్యులు విధించిన మాట నిజమే. అయితే వారు చెప్పినది శోధించిన ద్రవ్యం, తెలిసిన వైద్యుడు, తగిన కాలం అనే మూడు నియమాలతో కూడినది. నేడు సుర్మా పేరుతో బజారులో అమ్మే కొన్ని పొడులలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది. సీసం పసిబిడ్డల మెదడుకు విషం. దృష్టిదోషం తగలకూడదని బిడ్డకు చుక్క పెట్టదలిస్తే అరికాలికి పెట్టండి. కంటిలో మాత్రం పెట్టవద్దు.

ఉపమన్యువు నేర్పే పాఠం

మహాభారతం ఆదిపర్వంలో ఉపమన్యువు కథ ఉంది. ధౌమ్యమహర్షి శిష్యుడైన ఆ బాలుడు ఆకలికి తాళలేక అడవిలో జిల్లేడాకులు తిని, చూపు కోల్పోయి, నూతిలో పడ్డాడు. గురువు ఆజ్ఞతో అశ్వినీదేవతలను స్తుతించి తిరిగి చూపు పొందాడు. ఈ కథను గురుభక్తికి ఉదాహరణగా చెబుతుంటారు. అందులో వైద్యసత్యం కూడా ఇమిడి ఉంది. జిల్లేడుపాలు కంటికి నిజంగానే విషం. ఆ పాలు కంటిలో పడితే మొదట నొప్పి అంతగా తెలియకపోవచ్చు. కాని నల్లగుడ్డుపైనుండే పారదర్శకమైన కార్నియాపొర లోపలి కణాలు దెబ్బతిని చూపు మసకబారుతుంది.

రథసప్తమినాడు మనం ఏడు జిల్లేడాకులు శిరస్సున ఉంచుకొని స్నానం చేస్తాం. వినాయకునికి, ఆంజనేయునికి జిల్లేడుపూల మాలలు సమర్పిస్తాం. ఆచారం విడువనక్కరలేదు. ఆకులు, పూలు కోసిన చేతులను సబ్బుతో కడిగేవరకు కళ్ళను తాకకూడదు. కోసిన ఆకులను ముందుగా కడిగి పాలు పూర్తిగా పోయిన తరువాతనే తలపై ఉంచుకోవాలి. పొరపాటున కంటిలో పాలు పడితే వెంటనే శుభ్రమైన నీటితో కనీసం పావుగంటసేపు కడిగి, ఆనాడే కంటివైద్యుని వద్దకు వెళ్ళాలి.

ఇదే సందర్భంలో మరొక మాట. కన్ను ఎర్రబడిందనో, పచ్చకామెర్లు వచ్చాయనో కంటిలో ఆకుపసరు పిండటం, చనుబాలు పోయటం ఇంకా కొన్నిచోట్ల కనబడుతోంది. కోతల కాలంలో వడ్లగింజ, గడ్డిపరక తగిలి కంటికి చిన్న గీత పడుతుంది. అక్కడ బూజుజాతి సూక్ష్మజీవులు చేరి పుండు చేస్తాయి. దానిపై పసరు పోస్తే కన్ను పోయినట్లే. మందులషాపులో అడిగి తెచ్చిన స్టీరాయిడ్ చుక్కలు కూడా ఆ పుండును పెంచుతాయి. పొలంలో కంటికి దెబ్బ తగిలితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలన్నది నియమంగా పెట్టుకోండి.

సూర్యోపాసకులకు కూడా ఒక విన్నపం. అర్ఘ్యం ఇచ్చేటప్పుడు, గ్రహణసమయంలో సూర్యబింబాన్ని నేరుగా చూడకండి. జలధార గుండా చూసినా దోషమే. కంటి లోపలిపొర కాలినప్పుడు నొప్పి తెలియదు. పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చు కూడా. దృష్టిని పాత్రలోని జలంపై నిలిపి, భాస్కరుని హృదయంలో ధ్యానించడం ఉత్తమం.

వయసు మళ్ళినవారికి శుక్లాలు రావడం సహజం. సుశ్రుతుడు శలాకతో శుక్లాన్ని చూపుదారినుండి తప్పించే ప్రక్రియను వర్ణించాడు. ఆ కాలానికి అది మహాద్భుతం. నేడు ఆ పద్ధతిని అనుసరించరాదు, దానివలన ఉపద్రవాలు ఎక్కువ. 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు కంటిలోపల కృత్రిమ కటకం అమర్చడానికి మార్గం చూపాడు. ఇప్పుడు కొద్ది నిమిషాలలో ముగిసే శస్త్రచికిత్సతో చూపు మరల వస్తోంది. కాని నీటికాసులనే వ్యాధి అటువంటిది కాదు. నొప్పి లేకుండా పక్కచూపును మెల్లగా హరిస్తుంది. పోయిన చూపు ఏ చికిత్సతోనూ రాదు, మిగిలినదానిని కాపాడుకోవడమే. మధుమేహం కంటి లోపలిపొరను దెబ్బతీసే తీరు కూడా ఇంచుమించు ఇదే. కనుక 40 ఏళ్ళు దాటినవారు, వారి కంటె ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, చూపు బాగానే ఉన్నా ఏటా ఒకసారి పరీక్ష చేయించుకోవాలి.

శ్రోత్రద్వారం

నవవిధభక్తులలో మొదటిది శ్రవణం. పరీక్షిన్మహారాజు ఏడు దినాలలో తరించింది శ్రవణంతోనే. కుడిచెవిలో గంగాది తీర్థాలు ఉంటాయని పెద్దల మాట. జలం లభించనప్పుడు కుడిచెవిని తాకితే ఆచమనం చేసినట్లేనని చెబుతారు. అంతటి పవిత్రస్థానాన్ని మనం పిన్నీసుతో, అగ్గిపుల్లతో కెలుకుతున్నాం! గుబిలి మలినం కాదు. చెవిమార్గాన్ని దుమ్మునుండి, పురుగులనుండి కాపాడే కావలి అది. సాధారణంగా తానే మెల్లగా బయటికి వస్తుంది. దూదిపుల్లతో తీయబోతే మరింత లోపలికి పోయి గట్టిపడుతుంది. చేయి జారితే కర్ణభేరికి చిల్లి పడుతుంది.

కర్ణపూరణమని చెవిలో గోరువెచ్చని తైలం నింపే విధి ఆయుర్వేదంలో ఉంది. అది కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉన్నదని వైద్యుడు చూసి నిర్ధారించిన తరువాత చేసేది. చెవి కారుతున్నవారికి, భేరికి చిల్లి ఉన్నవారికి నూనె, వెల్లుల్లి కాచిన నూనె, నీరు ఏదీ పోయరాదు. పిల్లలకు జలుబు తరువాత చెవిపోటు వస్తే, ముక్కుకు చెవికి మధ్యనున్న గొట్టంలో వాపు వచ్చిందని అర్థం. దానిని అశ్రద్ధ చేసినందువలననే ఎందరో పిల్లలకు చెవి కారడం అలవాటై, వినికిడి తగ్గి, చదువులో వెనుకబడుతున్నారు. వినబడని బిడ్డను మందమతి అని నిందించడం ఎంతటి పాపమో ఆలోచించండి. పుట్టిన నెలలోపు శిశువుకు వినికిడి పరీక్ష చేయించాలి. మూడు నెలలలోపు దోషాన్ని నిర్ధారించి, ఆరు నెలలలోపు చికిత్స ఆరంభిస్తే బిడ్డకు మాటలు వచ్చే అవకాశం ఎంతో పెరుగుతుంది. పెద్దలకైనా ఒక చెవి అకస్మాత్తుగా వినబడకపోతే అది అత్యవసరం. ఒకటి రెండు రోజులలోనే వైద్యుని చూడాలి.

ఇప్పుడు ఆలయనిర్వాహకులకు, ఉత్సవసంఘాలవారికి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒక్కొక్క చెవికి సుమారు 15,000 మాత్రమే. నశించినవి మనిషిలో తిరిగి మొలవవు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించవచ్చు. శబ్దం మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ వద్ద చెవికి క్షేమమైన కాలం పావుగంట మాత్రమే. ఊరేగింపులో పెద్ద స్పీకర్ల ముందు నిలబడిన పసివాని గతి ఏమిటి? 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బయట ధ్వనివర్ధకాలు నిషిద్ధం. ఉత్సవాలకు కొద్దిరోజులు మినహాయింపు ఉన్నా, అదీ అర్ధరాత్రి వరకే. చట్టం సంగతి అలా ఉంచుదాం. చీమ కాలి అందెల సవ్వడి కూడా వినగల స్వామికి మన మైకుతో పనేమున్నది? సుప్రభాతం మేల్కొలపాలి, చెవులను బద్దలు చేయరాదు. ధ్వని తగ్గించడం భక్తిని తగ్గించడం కాదు. ఎదుటివాని శ్రోత్రేంద్రియంలోని దైవాన్ని గౌరవించడం.

నాసాద్వారం

అశ్వినీదేవతలకు నాసత్యులని మరొక పేరు. సంజ్ఞాదేవి అశ్వరూపంలో ఉండగా ఆమె నాసికనుండి వారు జన్మించారని ఇతిహాసం. దేవవైద్యులు పుట్టిన ద్వారం నాసిక అన్నమాట! ప్రాణవాయువు ప్రవేశించే సింహద్వారం కూడా అదే. ముక్కు గాలిని వెచ్చబరచి, తడిపి, దుమ్మును వడగట్టి ఊపిరితిత్తులకు పంపుతుంది. నోటితో శ్వాసించేవారికి ఈ మూడు లాభాలూ దక్కవు.

శిరస్సుకు ద్వారం నాసిక అని భావించి ఆయుర్వేదం నస్యకర్మను విధించింది. జలుబు, జ్వరం ఉన్నప్పుడు, భోజనం చేసిన వెంటనే నస్యం కూడదని ఆ శాస్త్రమే నిషేధించింది. పసిపిల్లల ముక్కులో నూనె పోయడం ఏ విధంగానూ తగదు. నూనె ఊపిరితిత్తులలోకి జారి ప్రమాదం కలిగిస్తుంది. యోగులు చేసే జలనేతి ముక్కుదిబ్బడకు, సైనసు బాధకు ఉపశమనం ఇచ్చేదే. కాని కుళాయినీరు నేరుగా వాడరాదు. అరుదుగానైనా ఆ నీటిలోని అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. మరగించి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి వాడాలి, పాత్రను ప్రతిసారీ శుభ్రపరచాలి. ముక్కు తెరుచుకొనే చుక్కలను వారం దాటి వాడితే దిబ్బడ మరింత ఎక్కువవుతుంది.

ముక్కునుండి రక్తం కారితే తల వెనుకకు వాల్చడం మన వాడుక. అది తప్పు, రక్తం గొంతులోకి దిగుతుంది. కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. పిల్లలు ఆడుకొంటూ బొమ్మలలోని చిన్న గుండ్రని బ్యాటరీని ముక్కులో పెట్టుకొంటే తెల్లవారేవరకు ఆగకండి. కొన్ని గంటలలోనే అది లోపలి పొరలను కాల్చివేస్తుంది.

పంచోపచారాలలో గంధం పృథివీతత్త్వానికి సంకేతం. ఆ గంధాన్ని గ్రహించే శక్తి 2020 తరువాత కొవిడ్ వలన ఎందరికో లోపించింది. కొందరికి నెలల తరబడి తిరిగి రాలేదు. అటువంటివారికి వైద్యులు ఒక అభ్యాసం చెబుతున్నారు. గులాబి, నిమ్మ, లవంగం, నీలగిరితైలం, ఈ నాలుగు వాసనలను రోజుకు రెండు పూటలు, ఒక్కొక్కటి సుమారు 20 సెకన్లు, మనసు నిలిపి ఆఘ్రాణించాలి. కనీసం 12 వారాలు విడవకుండా చేయాలి. పూజామందిరంలో కూర్చొని రెండు సంధ్యలలో చేసుకోదగిన సాధన ఇది. అన్నట్లు, ఆ పూజామందిరానికి కిటికీ ఉండాలి. అగరువత్తుల పొగ మూసిన గదిలో నిండితే ఉబ్బసం ఉన్నవారికి అది ధూపం కాదు, ధూమమే.

వదనద్వారం

ఏడవ ద్వారం నోరు. నువ్వులనూనెతో పుక్కిలించడం గండూషం, కవళం అనే పేర్లతో దినచర్యలో ఉంది. రెండుపూటలా పళ్ళు తోముకొన్న తరువాత అది చేసుకొంటే మంచిదే. దంతధావనానికి బదులు మాత్రం కాదు. పూర్వం శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో స్త్రీలు నిప్పును నోటిలోపల ఉంచుకొని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు విస్తారంగా ఉండేది. దాని వేడికి, పొగకు అంగుడిలో కాన్సరు రావడాన్ని మన వైద్యులు గుర్తించి లోకానికి తెలిపారు. అడ్డపొగ తగ్గినా, గుట్కా, ఖైనీ అదే పని చేస్తున్నాయి. రెండు మూడు వారాలు దాటినా మానని పుండు గాని, తెల్లని, ఎర్రని మచ్చ గాని నోటిలో ఉంటే వెంటనే చూపించాలి. తొలిదశలో తెలిస్తే అది నయమయ్యే వ్యాధి.

ముఖచర్మం సంగతి కూడా చెప్పుకోవాలి. తెల్లబడాలనే ఆశతో కొందరు స్టీరాయిడ్ కలిసిన లేపనాలు నెలలకొలదీ రాసుకొంటున్నారు. కొన్నాళ్ళకు చర్మం పలుచబడి, ఎర్రబడి, ఎండ సోకితే మండుతుంది. నీలమేఘశ్యాముని కొలిచే జాతికి నలుపు లోపమెట్లయింది? బొట్టుబిళ్ళల జిగురు పడక కొందరికి నుదుట తెల్లమచ్చ పడుతుంది. అది బొల్లి అని భయపడక, బిళ్ళ మాని వైద్యుని సంప్రదించి, పసుపుతో చేసిన స్వచ్ఛమైన కుంకుమకు మారవచ్చు.

ఉన్నట్లుండి మూతి వంకరపోతే దానిని ఆయుర్వేదంలో అర్దితమంటారు. గాలి సోకిందని తాయెత్తులకు, పసర్లకు కాలం వృథా చేయరాదు. చేయి, కాలు పట్టు తప్పినా, మాట తడబడినా అది మెదడు రక్తనాళానికి సంబంధించినది కావచ్చు. నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసిన చికిత్స ఉంది కనుక పరుగున ఆసుపత్రికి చేర్చాలి. ముఖనాడికి మాత్రమే కలిగిన దోషమైతే మూడు రోజులలోపు మందు ఆరంభిస్తే చాలామందికి ముఖం పూర్వరూపానికి వస్తుంది. రెప్ప మూతపడనంతకాలం ఆ కంటిని ఎండిపోకుండా కాపాడుకోవాలి.

పోయిన ముక్కు తిరిగి వచ్చిన కథ

పునరుద్ధరణ అనే మాటకు మన దేశమే లోకానికి గురువు. తెగిన ముక్కును చెక్కిలి చర్మంతో తిరిగి నిర్మించే విధానాన్ని సుశ్రుతుడు వర్ణించాడు. ఆకుతో కొలత తీసి, అంత చర్మాన్ని కొంత భాగం అంటి ఉండగానే కోసి, ముక్కు స్థానంలో అతికి, ఊపిరికి రెండు గొట్టాలు అమర్చమన్నాడు. ఆ విద్య శతాబ్దాలపాటు పరంపరగా నిలిచింది. 1792 యుద్ధంలో ఆంగ్లేయుల సైన్యానికి ఎద్దులను తోలే కావస్జీ అనే మరాఠా శత్రువుల చేతికి చిక్కి ముక్కు కోల్పోయాడు. పూనా సమీపంలో ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక చికిత్సకుడు అతని నుదుటి చర్మంతో కొత్త ముక్కు నిర్మించాడు. ఆ వృత్తాంతం 1794 అక్టోబరులో లండను పత్రికలో అచ్చయింది. అది చదివిన కార్ప్యూ అనే వైద్యుడు 1814లో అక్కడ ఆ శస్త్రచికిత్స చేశాడు. నేటికీ నుదుటి చర్మంతో ముక్కు కట్టే విధానానికి భారతీయపద్ధతి అనే పేరు నిలిచి ఉంది. కాన్సరు, ప్రమాదాలు, యాసిడ్ గాయాల వలన ముఖం దెబ్బతిన్నవారు ఇక జీవితమే లేదని కుమిలిపోనక్కరలేదని ఈ చరిత్ర చెబుతుంది.

కన్నప్ప అడుగుజాడలో

చివరిగా అన్నిటికంటె ముఖ్యమైన మాట. శ్రీకాళహస్తిలో తిన్నడనే బోయభక్తుడు స్వామి కంటినుండి రక్తం కారుతుంటే తన కంటిని తీసి అర్పించాడు. రెండవ కన్ను కూడా కారగా, ఆ చోటు తెలిసేందుకు పాదాన్ని గుర్తుగా ఉంచి రెండవ కంటినీ పెకలించబోయాడు. స్వామి చేయి పట్టి ఆపి, కన్నప్ప అని పేరిచ్చాడు. వాల్మీకిరామాయణం అయోధ్యాకాండలో అలర్కుడనే రాజు బ్రాహ్మణునికి తన నేత్రాలు దానం చేసిన ప్రస్తావన ఉంది. వారు బ్రతికియుండగానే ఇచ్చారు. మనలను అంత అడగడం లేదు. చితిలో కాలిపోయేదానిని ఇమ్మంటున్నారు.

అవయవం లోపించిన దేహానికి సద్గతి ఉండదనీ, మరుజన్మలో గుడ్డివారై పుడతారనీ కొందరు భయపడతారు. పాతవస్త్రం విడిచి కొత్తవస్త్రం ధరించినట్లు జీవుడు దేహం మారుస్తాడని గీత బోధిస్తోంది. విడిచిన వస్త్రానికి చిరుగున్నంత మాత్రాన కొత్తవస్త్రం చిరుగుతుందా? ఎముకలిచ్చిన దధీచి దుర్గతి పొందాడా? దానఫలం దృష్టినిస్తుందే గాని దృష్టిని హరించదు.

మరణం సంభవించిన ఆరు గంటలలోపు కార్నియాను సేకరించాలి. ఆ ఇంటివారు చేయవలసినవి కొద్దిపాటి పనులు. పార్థివదేహం కనురెప్పలు మూసి, తడిదూది ఉంచాలి. పైన తిరిగే పంఖా ఆపాలి. తల కింద దిండు ఉంచి కొంచెం ఎత్తు చేయాలి. నేత్రనిధికి కబురు చేయాలి. వారే ఇంటికి వస్తారు. పని అరగంటలోపు ముగుస్తుంది. ముఖం వికృతం కాదు, అంత్యక్రియలకు ఆలస్యం ఉండదు. వృద్ధులు, కళ్ళజోడు ఉన్నవారు, శుక్లం తీయించుకొన్నవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు కూడా ఇవ్వవచ్చు. ఎయిడ్స్, కామెర్ల వైరస్, రేబిస్, రక్తకాన్సరు వంటి కొన్ని వ్యాధులున్నవారి నేత్రాలు మాత్రం పనికిరావు. ముందుగా అంగీకారపత్రం రాయకపోయినా దగ్గరి బంధువులు సమ్మతిస్తే చాలు. ఒకరి నేత్రాలు ఇద్దరికి వెలుగునివ్వగలవు. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో 1989 నుండి నేత్రనిధి ఉంది. మీ ఊరికి దగ్గరి నేత్రనిధి ఏదో ఈ వారంలోనే తెలుసుకొని, ఆ సంఖ్యను పంచాంగం మొదటిపుటలో రాసి ఉంచండి. దుఃఖసమయంలో వెదకడానికి వ్యవధి ఉండదు. ఇంటి పెద్దలతో ఈ మాట ముందుగానే ముచ్చటించండి. ఏటా ఆగస్టు 25 నుండి సెప్టెంబరు 8 వరకు జరిగే నేత్రదాన పక్షోత్సవాలు అందుకు తగిన సమయం.

భక్తమహాశయులారా! ఉపనిషత్తులను పఠించే ముందు మన ఋషులు చెప్పే శాంతిమంత్రంలో చెవులతో శుభమే వినాలనీ, కళ్ళతో శుభమే చూడాలనీ, దృఢమైన అవయవాలతో దేవుని స్తుతిస్తూ ఆయువు గడపాలనీ దేవతలను ప్రార్థించారు. ఆ ప్రార్థనలో రెండు భాగాలు ఉన్నాయి. శుభాన్ని చూపించవలసినది, వినిపించవలసినది దైవం. చూడగల కంటిని, వినగల చెవిని కాపాడుకోవలసినది మనం. మన వంతు మనం చేసి దైవం ముందు నిలుద్దాం.

ఈ సప్తద్వారాలు మీకందరికీ సదా తెరచియుండి, వాటి గుండా ఆ పరమాత్మ మీ హృదయమందిరంలో ప్రవేశించుగాక!

స్వస్తి.